‘చాలు’ అనలేని మనుషుల సినిమాలు: ఈ శనివారం రాత్రికి ఏది?

పెళ్లి భోజనంలో పెరుగన్నం దాకా వచ్చాక విస్తరి మీదకి వంగి, రెండు చేతులూ అడ్డం పెట్టి "చాలు బాబూ, చాలు" అంటాం. వడ్డించేవాడు వినిపించుకోకుండా ఇంకో గరిటె వేసి పోతాడు, అది వేరే సంగతి. దానాల్లోకెల్లా అన్నదానం గొప్పదని పెద్దవాళ్లు ఎందుకన్నారంటే కారణం ఇదేనట: భూమి ఇచ్చినా, బంగారం ఇచ్చినా ఇంకాస్త ఇస్తే బాగుండుననుకునే మనిషి, అన్నం దగ్గర మాత్రం తనంతట తనే చాలంటాడు.

డబ్బాశ మీద తీసిన పాతకాలపు కథ ఏది చూసినా నేను ఈ ఒక్క మాట కోసమే కాచుకుని కూర్చుంటాను. ‘చాలు’ అన్నది ఎవరు? ఎప్పుడన్నారు? అది హీరో చెవిన పడిందా, పడీ దాటిపోయాడా? ఆ దాటడం కళ్లకు కనబడితే మంచి సినిమా. అతను దాటుతుంటే మనం కూడా లోపల్లోపల "ఇంకొక్కసారి, ఇంకొక్కసారి" అనుకుంటూ పక్కనే నడిస్తే, అది గొప్ప సినిమా.

చిక్కడపల్లిలో మా బావ వాళ్ల మేడ మీది గదిలో నెలకో శనివారం ఐదుగురం కూర్చుని ఒక సినిమా చూస్తాం. అక్క, బావ, బ్యాంకులో చేసి రిటైరైన మామయ్య, మాదాపూర్‌లో ఉద్యోగం చేసే మా పిన్ని కొడుకు, నేను. ఆర్టీసీ క్రాస్ రోడ్స్ పక్కనే కాబట్టి పెద్ద సినిమా రిలీజైన రోజు థియేటర్ల దగ్గరి డప్పులు మా గదిలోకీ వినిపిస్తాయి. తొమ్మిదింటికి మొదలుపెట్టాల్సిన సినిమా ఏనాడూ పదిన్నరకు ముందు మొదలవలేదు. ఏది చూడాలన్న దగ్గరే తెల్లారుతుంది. ఈ వరసలో మేము ఆరేడు సినిమాలు చూసి, వాటి మీద తగినంత పోట్లాడుకున్నాం. మీకు ఆ గంటన్నర మిగలాలని ఇది రాస్తున్నాను.

‘చాలు’ కాక ఇంకో రెండు చూస్తాను. ఒకటి, పని. డబ్బు ఎలా వస్తోందో చూపించాలి. హీరో చేతులకు ఏ మట్టి అంటింది, ఏ కాగితం మీద ఎవరిచేత సంతకం పెట్టించాడు, ఏది ఎంతకు కొని ఎంతకు అమ్మాడు. పాట మొదట్లో సైకిల్, పాట అయ్యేసరికి అంబాసిడర్ కారు అంటే అది ఎదగడం కాదు, ఎడిటింగ్. రెండోది, కాలం. పాత కార్లు, బెల్‌బాటమ్‌లు పెట్టినంత మాత్రాన పీరియడ్ సినిమా కాదు. ఆ రోజుల్లోని ఒక చట్టమో, ఒక మెషినో, ఒక లొసుగో ఉంటేనే ఆ కథ జరగాలి. ఇప్పటి కాలంలో పెట్టినా అదే కథ నడిచేటట్టయితే ఆ ఖర్చంతా బట్టల షాపుకి కట్టినట్టే.

ముందు పెద్దదాంతో మొదలుపెడతాను. 2007లో పాల్ థామస్ ఆండర్సన్ తీసిన ‘దేర్ విల్ బి బ్లడ్’. నిడివి 158 నిమిషాలు. మన ఔటర్ రింగ్ రోడ్డు కూడా 158 కిలోమీటర్లే కాబట్టి మా బావ దీన్ని "ఓఆర్ఆర్ సినిమా" అంటాడు. కథ తెలిశాక ఆ పేరు ఇంకా బాగా అతికినట్టు అనిపిస్తుంది.

1898లో మొదలవుతుంది. ఒక మనిషి ఒంటరిగా గొయ్యిలో వెండి కోసం తవ్వుతుంటాడు. దాదాపు పావుగంట సంభాషణే ఉండదు. గునపం రాయికి తగిలే చప్పుడు, ఊపిరి, అంతే. నిచ్చెన మెట్టు విరిగి గోతిలో పడి కాలు విరుగుతుంది. ఆ స్థితిలో కూడా అతను ముందు చూసుకునేది కాలు కాదు, తవ్విన రాయి. దాన్ని చొక్కాలో పెట్టుకుని, వెల్లకిలా పాక్కుంటూ ఆ కొండలు దాటతాడు. తర్వాతి షాట్‌లో ఒక ఆఫీసులో నేల మీద పడుకుని ఉంటాడు. పైన బల్ల దగ్గర వాళ్లు రాయిలో వెండి ఎంతుందో పరీక్ష చేస్తుంటారు. కాలు విరిగిన మనిషి నేల మీద, రాయి బల్ల మీద. డైలాగు లేకుండా అతనెవరో మొత్తం చెప్పేశారు. డేనియల్ డే లూయిస్‌కి ఉత్తమ నటుడి ఆస్కార్ ఊరికే రాలేదు. సినిమాటోగ్రఫీకి రాబర్ట్ ఎల్స్‌విట్‌కి కూడా వచ్చింది.

ఇక రెండో సీను నేను చెప్పేది హైదరాబాద్ వాళ్లకి ప్రత్యేకంగా. ఒక పొలంలో నూనె ఉందని ఉప్పు అందుతుంది. హీరో కొడుకుని వెంటబెట్టుకుని పిట్టల వేటకొచ్చినట్టు నటిస్తూ అక్కడికి వెళ్తాడు. నూనె ధర ఇవ్వను, పిట్టల ధరే ఇస్తానని ముందే కొడుక్కి చెప్తాడు. ఆ సీను వస్తుంటే మా గదిలో ఎవరూ మాట్లాడలేదు. మా పెదనాన్న ఘట్‌కేసర్ వైపు ఉన్న ఎకరంన్నర అమ్మింది, కోళ్ల ఫారం పెట్టుకుంటానని వచ్చిన ఒక మధ్యవర్తికి. అతను కూడా చిన్నపిల్లాణ్ణి బండి ముందు కూర్చోబెట్టుకునే వచ్చాడట. పెద్దమ్మ ఆ పిల్లాడికి మురుకులు పెట్టింది. అక్కడ కోడి కూత ఎవరూ వినలేదు. 2023లో కోకాపేటలో ఎకరం వంద కోట్లు దాటి వేలంలో పోయిన రోజు టీవీ చూస్తూ పెద్దమ్మ ఆ మురుకుల సంగతే మళ్లీ ఎత్తింది. భూమి రేటు గజాల్లో మాట్లాడుకునే ఊళ్లో ఈ సినిమాకి సబ్‌టైటిల్స్ అక్కర్లేదు.

చమురు బావికి మంటలంటుకున్న సీను కూడా చెప్పాలి. పేలుడుకి కొడుకు చెవులు పోతాయి. తండ్రి పిల్లాణ్ణి ఎత్తుకుని పరుగెత్తుకొచ్చి పడుకోబెడతాడు, వదలొద్దని ఆ పిల్లాడు గింజుకుంటుంటే వదిలించుకుని మళ్లీ మంట దగ్గరకి వెళ్తాడు. అంత పెద్ద మంట అంటే కింద అంత నూనె ఉందన్నమాట. ముఖమంతా నల్లటి జిడ్డు, కళ్లలో వెలుగు. పిల్లాడు బాగానే ఉన్నాడా అని పక్కవాడు అడిగితే లేడంటాడు, అక్కణ్ణుంచి కదలడు. ‘చాలు’ అనే మాటను నోటితో కాకుండా ఒక పిల్లాడి చేతుల పట్టుతో అనిపించిన సీను నాకు ఇంకెక్కడా కనబడలేదు.

లోపం లేదా అంటే ఉంది. ఈ మనిషి మొదటి ఫ్రేములోనే పండిపోయిన కాయ. మారడం తక్కువ, బయటపడటం ఎక్కువ. మారడం చూడాలంటే వేరే సినిమాకి వెళ్లాలి, అది 1948 నాటి ‘ద ట్రెజర్ ఆఫ్ ద సియెర్రా మాద్రే’. నలుపు తెలుపు, రెండు గంటల పైన ఆరు నిమిషాలు.

1925 నాటి మెక్సికో. పని దొరక్క రోడ్డు మీద అడుక్కునే స్థితిలో ఉన్న ఇద్దరు, గనుల్లో ముసలైపోయిన ఒక తాత, ముగ్గురూ కలిసి కొండల్లోకి బంగారం వెతకడానికి పోతారు. హంఫ్రీ బోగార్ట్ వేసిన డాబ్స్ మొదట్లో మనలాంటివాడే. మంచివాడూ కాదు, చెడ్డవాడూ కాదు, జేబులో పైసల్లేనివాడు. బంగారం ఉన్నా లేకపోయినా నేను మారనని ధీమాగా చెప్తాడు కూడా. తర్వాత కాలికింద బంగారం ఉన్నా గుర్తుపట్టలేక ఇద్దరూ చతికిలపడితే, తాత వాళ్లని వెక్కిరిస్తూ ఒక డాన్సు చేస్తాడు. ఆ డాన్సు ఒక్కదానికే ఈ సినిమా చూడొచ్చు. వేసింది వాల్టర్ హ్యూస్టన్, డైరెక్టర్ జాన్ హ్యూస్టన్ కన్నతండ్రి. ఈ సినిమాకి తండ్రికి సహాయ నటుడిగా, కొడుక్కి డైరెక్షన్‌కీ స్క్రీన్‌ప్లేకీ ఆస్కార్లు వచ్చాయి.

దురాశ ఇక్కడ జ్వరంలా ఎక్కుతుంది. మొదట పొడి అంతా ఒకేచోట ఉంటుంది. తర్వాత వాటాలు పంచుకుంటారు. తర్వాత ఎవరి వాటా వాళ్లు రాత్రిపూట దాచుకుంటారు. ఆ తర్వాత ఇక నిద్రలుండవు. ఒకడు లేచి బయటికెళ్తే రెండోవాడు లేచి తన మూట తడుముకుంటాడు. ఉమ్మడి కుటుంబం విడిపోయిన ఇల్లు చూసినవాళ్లకి ఈ వరస కొత్త కాదు. ఏ బీరువాకి ముందు తాళం పడింది, ఏ వంటింట్లో రెండో పొయ్యి వెలిగింది అని గుర్తుచేసుకుంటారు.

ఎంత వచ్చాక ఆపుదాం అని ముగ్గురూ ముందే కూర్చుని మాట్లాడుకునే సీను ఇందులో ఉంది. అంటే ‘చాలు’కి అంకె పెట్టడానికి చూస్తారు. ఆ అంకె ఎక్కడ తెగుతుందో, ఎవరు పెంచుతారో గమనించండి. చివరికి గని వదిలి వెళ్లేటప్పుడు తాత మిగతా ఇద్దరిచేత తవ్విన గోతుల్ని పూడ్పిస్తాడు. కొండకి గాయం చేశాం, మాన్పి వెళ్లాలంటాడు. ఒక వారం పని, దానివల్ల పైసా రాదు. ఆ సినిమాలో నిజంగా ‘చాలు’ అన్నవాడు ఆ ముసలాడొక్కడే, అదీ చేతలతో. తర్వాత ఆ బంగారం ఏమైందో నేను చెప్పను. గాలి వస్తున్నప్పుడు మాత్రం లేచి నీళ్లు తాగడానికి వెళ్లొద్దు.

ఈ రెండిట్లో ఒకటే చూడగలిగితే? పాత సినిమాల అలవాటు లేనివాళ్లు, ఇంట్లో పెద్దవాళ్లతో కలిసి చూసేవాళ్లు మాద్రే పెట్టుకోండి. కథ పరుగెడుతుంది, నవ్వు ఉంది. ఒంటరిగా, మర్నాడు సెలవుంటే, ‘బ్లడ్’. అది అయ్యాక వెంటనే ఎవరితోనూ మాట్లాడబుద్ధి కాదు. నా ఓటు ఏ రోజుకారోజు మారుతుంది. పోట్లాటలో ఓడిపోయేది మాత్రం ఎప్పుడూ ‘బ్లడ్’ వైపున్న నేనే.

మన దేశపు సరుకుకి వద్దాం. ‘తుంబాడ్’, 2018, హిందీ. రెండు గంటలు కూడా లేదు. మహారాష్ట్రలో ఎప్పుడూ వాన పడే ఒక ఊరు, ఒక పాత వాడా (పెద్ద మేడ), దాని కింద ఒక రహస్యం. కథ 1918లో మొదలై స్వాతంత్ర్యం వచ్చే నాటికి ముగుస్తుంది. భయపెట్టే సినిమా కదా, దీన్ని ఈ వరసలో ఎందుకు కలిపావని అక్క అడిగింది. కలపడానికి కారణం దాని పురాణం. హస్తర్ అనే దేవుడు తల్లి దగ్గరున్న బంగారమంతా తీసుకుంటాడు, ధాన్యం మీద చెయ్యి వెయ్యబోతే మిగతా దేవతలు అడ్డుపడతారు. అందుకే వాడి దగ్గర తరగనంత బంగారం ఉంది, తినడానికి గింజ లేదు. హీరో వాడి ముందుకి పిండి బొమ్మ పట్టుకెళ్లి, వాడు ఆబగా తింటుండగా మొలగుడ్డ లోంచి నాణేలు లాక్కొస్తాడు. ఇద్దరిలో ఎవరు ఎక్కువ ఆకలిగా ఉన్నారో చెప్పడం కష్టం. మొదట్లో రాసిన విస్తరి మాటని పూర్తిగా తిరగేసి తీసిన సినిమా ఇది.

పని కూడా బాగా చూపించారు. దిగడానికి తాడు, పిండి కలపడం, గీసుకోవాల్సిన గీత, పట్టుకోవాల్సిన ఊపిరి. తర్వాత ఆ పనిని కొడుక్కి నేర్పుతాడు, వ్యవసాయం నేర్పినట్టు. తండ్రి దగ్గర నేర్చినవాడు తండ్రి కంటే పెద్ద పథకం వేస్తాడు. 2024 సెప్టెంబర్‌లో మళ్లీ థియేటర్లలో వేస్తే మొదటిసారి కంటే ఎక్కువ వసూలు చేసింది. వానాకాలంలో, లైట్లన్నీ ఆర్పేసి చూడండి. పిల్లల్ని పడుకోబెట్టాక.

‘కేజీఎఫ్’ ఎందుకు లేదని మా పిన్ని కొడుకు నా మీద ఇప్పటికీ కోపంగా ఉన్నాడు. బంగారం ఉంది, పాతకాలం ఉంది, పైకి రావాలన్న కసి ఉంది. నిజమే. థియేటర్‌లో నేనూ ఈల వేశాను. కానీ అందులో రాకీ ‘చాలు’ అనడు, అనేవాళ్లు ఉన్నా సినిమాయే వాళ్ల నోరు నొక్కేస్తుంది. దురాశని పరీక్షించే సినిమా కాదది, దురాశకి హారతిచ్చే సినిమా. పైగా అసలు కోలార్ గనుల కథ దానికంటే పెద్దది. 1902 నాటికే శివనసముద్రం నుంచి కరెంటు లాగి, 3 కిలోమీటర్ల పైచిలుకు లోతుకి మనుషుల్ని దింపి పని చేయించిన గనులవి. 2001లో మూతబడ్డాయి. ఆ లోతులో ఉక్కపోత ఎలా ఉండేదో తెరమీద చూపించినవాళ్లు ఇంకా రాలేదు. పండగ పూట పదిమంది కజిన్స్ కూడితే ‘కేజీఎఫ్’ పెట్టుకోండి, అభ్యంతరం లేదు.

తెలుగులో ఈ పని దగ్గరగా చేసింది 2024లో వెంకీ అట్లూరి తీసిన ‘లక్కీ భాస్కర్’. బొంబాయి, 1990 దరిదాపులు, అప్పుల్లో ఉన్న ఒక బ్యాంకు క్యాషియర్. కాలం విషయంలో దీనికి ఫుల్ మార్కులు. బ్యాంకులు ప్రభుత్వ సెక్యూరిటీలు చేతులు మార్చకుండా బ్యాంక్ రసీదు అనే కాగితం మీద నమ్మకంతో కోట్లు తిప్పుకున్న రోజులవి. లెక్కలన్నీ చేత్తో రాసే పుస్తకాల్లో. మధ్యలో ఉన్న బ్రోకర్లు ఆ డబ్బుని షేర్లలోకి మళ్లించారు, 1992లో బయటపడింది. కంప్యూటర్ వచ్చాక ఈ కథ ఈ రూపంలో జరగదు. కాలమే కారణం అన్నది ఇదే.

మామయ్య ఈ సినిమా చూస్తుంటే పక్కన కూర్చోవడం ఒక అనుభవం. "క్యాష్‌లో వంద తేడా వస్తే రాత్రి తొమ్మిదైనా కదలనిచ్చేవాళ్లు కాదురా మమ్మల్ని" అని మూడుసార్లు అన్నారు. నాలుగోసారి అనలేదు. హీరో నోట్ల కట్టలు బ్యాగులో సర్దుతుంటే ముందుకు వంగి, "ఇప్పుడు మేనేజర్ రాకూడదు" అన్నారు గట్టిగా. 34 ఏళ్లు సర్వీసు చేసిన మనిషి! సినిమా అక్కడ గెలిచింది. హీరో పక్షాన నిలబడితే తప్పు చేస్తున్నామని తెలిసీ నిలబడ్డాం.

నాకు నచ్చనిది ఒక్కటే. ఇందులో ‘చాలు’ అన్న మాట ఇంట్లోవాళ్ల నోట వస్తుంది, హీరో వింటాడు కూడా. వినడం మంచిదే. కాకపోతే విన్నందుకు అతనికి మరీ తక్కువ ఖర్చయింది. "నువ్వు వడ్డీతో సహా కట్టించుకునే రకం, మనిషి బాగుపడితే ఓర్చుకోలేవు" అని మామయ్య తీర్పు. ఇంటిల్లిపాదీ కూర్చుని చూడ్డానికి దీనికి మించింది లేదు, అది ఒప్పుకుంటాను.

కుబ్రిక్ ‘బ్యారీ లిండన్’, 1975, మూడు గంటల పైనే. ఓపిక ఉన్నవాళ్లకి మాత్రమే. 18వ శతాబ్దంలో ఏమీ లేని ఒక ఐరిష్ కుర్రాడు పేకాట, పెళ్లి ద్వారా పెద్దింటి మనిషి కావడం, ఆపైన బిరుదు కోసం ఉన్నదంతా ఊడ్చుకోవడం. కొవ్వొత్తుల వెలుగులోనే తీయడానికి నాసా కోసం తయారైన జైస్ లెన్సు వాడారని అందరూ చెప్తారు. నాకు గుర్తుండేది లెన్సు కాదు, భార్య ముందు బిల్లులు ఒక్కొక్కటే పెడుతుంటే ఆవిడ సంతకాలు పెట్టుకుంటూ పోవడం. హరిదాసు ముందే చెప్పేసినట్టు ఇందులో కథకుడు రాబోయే దెబ్బని ముందే చెప్పేస్తాడు, అయినా దెబ్బ తగులుతుంది. ఫోన్‌లో చూడొద్దు, దండగ. మా బావ మొదటి గంటలోనే నిద్రపోయాడు, లేచి "అయిపోయిందా, ఎవరు గెలిచారు" అన్నాడు.

‘కిల్లర్స్ ఆఫ్ ద ఫ్లవర్ మూన్’, 2023, స్కోర్సేసీ. 206 నిమిషాలు, అంటే ఒక రాత్రిలో పెట్టుకోకండి, రెండు భాగాలు చేసుకోండి. అమెరికాలో ఓసేజ్ తెగ భూమి కింద చమురు పడింది. దాని మీద వచ్చే వాటాని అమ్ముకోవడానికి లేదు, వారసత్వంగానే రావాలి. అందుకని తెల్లవాళ్లు ఆ ఇళ్ల అల్లుళ్లయ్యారు. ఆ తర్వాత ఆ ఇళ్లల్లో మనుషులు ఒక్కొక్కరే చచ్చిపోవడం మొదలైంది. ఇవి 1920లలో నిజంగా జరిగిన హత్యలు. చట్టంలో ఒక్క వాక్యం ఎంతమంది ప్రాణాలు తీసిందో చూపించడంలో దీన్ని కొట్టేది లేదు. భార్యకి సూది మందు ఇచ్చే భర్త ముఖం చూస్తూ కూర్చోవడం మాత్రం కష్టం. అక్క మధ్యలో లేచి వెళ్లిపోయింది.

ఇంతదూరం పోకుండా మన భాషలోనే కావాలంటే, 1955 నాటి ‘కన్యాశుల్కం’. గురజాడ నాటకం 1892లో విజయనగరంలో మొదట ఆడినప్పుడు అది పీరియడ్ కథ కాదు, పక్కింటి కథ. సినిమా వచ్చేసరికి పాతకాలమైంది. పేరులోనే లుబ్ధుణ్ణి పెట్టుకున్న లుబ్ధావధాన్లు, మాటలతోనే మేడలు కట్టే గిరీశం. ఎన్టీఆర్ గిరీశాన్ని చూసి నవ్వుతూనే ఉంటాం. కానీ సావిత్రి మధురవాణి వైపు చూడండి. ఆ కథలో ఎవరి వెల ఎంతో సరిగ్గా తెలిసింది ఆవిడొక్కదానికే. ఆడపిల్లకి రేటు కట్టడం అనే ఆచారం లేకపోతే ఈ కథ లేదు, కాబట్టి కాలం పరీక్షలో దీనికీ మార్కులు పడతాయి.

ఇక్కడ ఒక్క మాట పక్కకి పోయి చెప్పాలి. ఇలాంటి సినిమాకి కావలసిన కథ మన కోఠీలోనే పడి ఉంది. 19వ శతాబ్దం మొదట్లో విలియం పామర్ కంపెనీ అని హైదరాబాద్‌లో ఒక వడ్డీ వ్యాపారం నడిచింది. నిజాం సర్కారుకి భారీ వడ్డీకి అప్పులిచ్చింది. నిజాం తరఫున పాలన నడిపిన చందూలాల్ తీసుకుంటూ పోయాడు. కంపెనీలో వాటాదారుడైన రంబోల్డ్ భార్య, గవర్నర్ జనరల్ హేస్టింగ్స్ సంరక్షణలో పెరిగిన అమ్మాయి. 1820లో రెసిడెంటుగా, అంటే నిజాం దగ్గర బ్రిటిష్ ప్రతినిధిగా వచ్చిన మెట్కాఫ్ లెక్కలు తిరగేయడం మొదలుపెట్టాడు. రెసిడెన్సీ భవనం ఇప్పటికీ ఒకప్పటి కోఠీ ఉమెన్స్ కాలేజీ, ఇప్పటి మహిళా విశ్వవిద్యాలయం ఆవరణలో స్తంభాలతో సహా నిలబడి ఉంది, సెట్ కూడా వెయ్యక్కర్లేదు. వడ్డీ, సంతకం, బంధుత్వం, పని, కాలం అన్నీ ఉన్నాయి. మన నిర్మాతలు మాత్రం కత్తులున్న కథలే కొంటారు.

సరే, ఈ శనివారానికి. మొదటిసారి ఈ వరసలో అడుగుపెడుతున్నవాళ్లు మాద్రేతో మొదలుపెట్టి, వారం ఆగి ‘బ్లడ్’ చూడండి. ఎడారి, మట్టి రెండింట్లోనూ ఉంటాయి, మనిషి ఎంత మారాడో పక్కపక్కన పెట్టి చూసుకోవచ్చు. ఇంట్లో బ్యాంకు ఉద్యోగి ఎవరైనా ఉంటే ‘లక్కీ భాస్కర్’ పెట్టి, సినిమా కంటే వాళ్లనే ఎక్కువ చూడండి. వాన పడుతుంటే ఆలోచించకుండా ‘తుంబాడ్’. మేమైతే ఈసారి ‘కన్యాశుల్కం’ అనుకున్నాం. అక్క చక్రపొంగలి చేస్తానంది, బావ ఈసారి నిద్రపోనన్నాడు, మామయ్య తొమ్మిదింటికల్లా వచ్చి కూర్చుంటానన్నారు. పదిన్నరకి ఫోన్ చేస్తే ఇంకా ఏది పెట్టాలన్న దగ్గరే ఉంటాం.